నాలుగో స్విచ్ పైకి పెట్టినవాడు

సూర్యుడి లోపల బోర్డు కాలిపోయి ఒక పొద్దున వెలగడం మానేస్తే, లోకంలో దాన్ని బాగుచేయగల మనిషి మా అమ్మమ్మ ఒక్కతే. ఈ మాట ఎక్కడ సంతకం పెట్టమన్నా పెడతాను. నిచ్చెన వేయించుకుని వెళ్తుంది, మూత విప్పుతుంది, మీటరు పెట్టి చూస్తుంది. కాకపోతే పని మొదలుపెట్టే ముందు కళ్ళజోడు పైనుంచి చూసి, "నాకంటే ముందు దీన్ని ఎవరు కెలికారు?" అని అడుగుతుంది. కెలికినవాడు, మేం గ్యారంటీ అని పిలుచుకునే ఆ టబ్బుల షాపువాడని తేలిందా, ఇక లోకం చీకట్లో ఉండిపోవలసిందే. వాడు వచ్చి అందరి ముందూ ఒప్పుకునేదాకా ఆమె ఆ నిచ్చెన మెట్టు మీదే కూర్చుంటుంది.

సూర్యుడి దగ్గర్నుంచి ఇంకా కబురు రాలేదు కాబట్టి, కబురొచ్చిన చోటి సంగతి చెబుతాను.

మా అమ్మమ్మకి డెబ్భై రెండేళ్ళు. నిలబడితే మా వంటింటి తలుపు గడియకి నాలుగు వేళ్ళు ఎక్కువ ఉంటుంది, అంతే. చేసే పని రిపేర్లు. మా తాతయ్యకి రేడియోల షాపు ఉండేది. తాతయ్యకి మాటలెక్కువ, అమ్మమ్మకి పనెక్కువ. ఆయన ముందు గదిలో కూర్చుని వచ్చినవాళ్ళతో కబుర్లు చెబుతుంటే ఈమె వెనక గదిలో కూర్చుని వాళ్ళ రేడియోలు బాగుచేసేది. ఎవరైనా "భలే చేశారండీ" అంటే తాతయ్య వెనక్కి వేలు చూపించి "నేనేం చేశాను, లోపలున్నది చేసింది" అనేవాడు. ఆమెకి అది చాలు. చేసిన పని తనదేనని, సరిగ్గా చేసిందని పదిమందిలో ఒక్కరు అంటే చాలు. ఆ ఒక్క మాటా ఎవరైనా లాక్కున్నారో, వాళ్ళ పని అయిపోయినట్టే.

రేడియోలు పోయాయి, తాతయ్యా పోయాడు, టీవీలు వచ్చి అవీ గోడకి అంటుకుపోయాయి. అప్పుడు హాట్ టబ్బులొచ్చాయి. హోటళ్ళలో, జిమ్ములలో, నడుం నొప్పుల క్లినిక్కులలో పెద్ద పెద్ద తొట్లు పెట్టి, వాటిలో వేడినీళ్ళు గిరగిరా తిప్పుతూ మనుషుల్ని కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. మొదటిసారి చూసినప్పుడు అమ్మమ్మ ముక్కు మీద వేలేసుకుని, "వీళ్ళని దేంతో కలిపి వడ్డిస్తారే?" అని నా చెవిలో అడిగింది. తర్వాత వంగి, టబ్బు పక్క పలక ఊడదీసి, లోపలున్న పెట్టె తెరిచి చూసింది. పెట్టెలో నోటుపుస్తకమంత సర్క్యూట్ బోర్డు. హీటరుని వెలిగించేదీ అదే, మోటారుని తిప్పేదీ అదే, నీళ్ళు ఎంత వేడెక్కాయో కనిపెట్టేదీ అదే. అది మాడిపోతే ఎంత ఖరీదైన టబ్బైనా చల్లనీళ్ళ గిన్నె. అమ్మమ్మ కళ్ళు మెరిశాయి. రేడియో చచ్చిపోయి ఇక్కడ పుట్టిందనుకుంది కాబోలు.

ఆమె పద్ధతి వేరు. బోర్డు మాడిందని పిలిస్తే వెళ్ళగానే బోర్డుని చూడదు. అది ఎందుకు మాడిందో చూస్తుంది. పైన నీళ్ళు కారుతున్నాయా, మోటారు పట్టేసిందా, హీటరులో కరెంటు నీళ్ళలోకి పాకుతోందా, గోడ నుంచి వచ్చే వైరు లావెంత అని ఒక్కొక్కటీ చూశాకే కొత్త బోర్డు మాట ఎత్తుతుంది. ఒకసారి ఒక జిమ్ములో పెట్టె తెరిస్తే రెండు టెర్మినళ్ళ మధ్య బల్లి అడ్డంగా పడుకుని బొగ్గయిపోయి ఉంది. "బోర్డు తర్వాత కొందురుగాని, ముందు ఈ కన్నం మూయండి" అని ఇంటికి వచ్చేసింది. ఆ కన్నం మూసేదాకా మళ్ళీ వెళ్ళలేదు.

ఇక గ్యారంటీ. మా వీధికి రెండు వీధుల అవతల అద్దాల షాపు పెట్టి టబ్బులు అమ్ముతాడు. రోజూ తెల్లచొక్కా. ప్రతి వాక్యం చివరా "గ్యారంటీ" అంటాడు. వాన పడుతుందా అని అడిగినా "పడదు, గ్యారంటీ" అని, తడుస్తూ వెళ్ళిపోయే రకం. మనిషి చెడ్డవాడని నేననను. అమ్మమ్మ అంటుంది, రోజుకి మూడు పూటలా.

పదకొండేళ్ళ కిందట మార్కెట్ వీధిలో మేడమీదున్న క్లినిక్కులో టబ్బు ఆగిపోయింది. మోకాళ్ళూ నడుములూ పట్టేసినవాళ్ళని డాక్టరమ్మ అందులో కూర్చోబెడుతుంది. అమ్మమ్మని పిలిచారు. ఆమె కొత్త బోర్డు వేసింది. బోర్డు మీద వరసగా చిన్న చిన్న తెల్ల స్విచ్‌లుంటాయి, గోటితో జరిపేంతవి. టబ్బు ఎలా నడవాలో వాటితోనే చెప్పాలి. ఆ క్లినిక్కులో గోడ నుంచి వచ్చే వైరు సన్నం. అందుకని నాలుగో స్విచ్ కిందికి పెట్టింది. అలా పెడితే మోటారు జోరుగా తిరిగేటప్పుడు హీటరు ఆగుతుంది, వైరు మీద బరువు పడదు. "నీళ్ళు నిదానంగా వేడెక్కుతాయమ్మా, ఒక గంట ముందు వేసుకోండి" అని డాక్టరమ్మకి చెప్పి మరీ వచ్చింది.

మూడు వారాలకి ఆ బోర్డు మాడి గదంతా పొగ. టబ్బులో ఉన్న మాస్టారిని, బడిలో లెక్కలు చెప్పి రిటైరైనాయన్ని, తడిబట్టలతో ఇద్దరు పట్టుకుని బయటికి లాగారు. అమ్మమ్మని పిలిపించారు. గ్యారంటీ అప్పటికే వచ్చి నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉన్నాడు. పెట్టె తెరిస్తే నాలుగో స్విచ్ పైకి ఉంది. గోడ మీద, వైరు మీద బరువెక్కితే కరెంటు ఆపేసే బ్రేకర్ కూడా మారిపోయి ఉంది, చిన్నదాని చోట పెద్దది.

"నేను దీన్ని కిందికి పెట్టాను. ఎవరో పైకి జరిపారు. ఆ బ్రేకరూ నేను చూసింది కాదు" అంది అమ్మమ్మ.

"మీ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు కదండీ" అన్నాడు గ్యారంటీ, డాక్టరమ్మ వైపు తిరిగి. "నేనసలు ఈ మెట్లే ఎక్కలేదు, గ్యారంటీ. వయసైపోయింది డాక్టరుగారూ. ఇంతింత స్విచ్‌లు. పైకో కిందికో చూపు ఆనక పెట్టేసి ఉంటారు."

ఏడుగురు విన్నారు ఆ మాట. డాక్టరమ్మ అమ్మమ్మ భుజం మీద చెయ్యి వేసి, "ఇక మీరు విశ్రాంతి తీసుకోండి పెద్దమ్మగారూ" అంది. మెత్తగానే అంది. ఆ మెత్తదనమే మా కొంప ముంచింది. సాయంత్రానికి మార్కెట్ వీధి మొత్తానికి మా అమ్మమ్మకి చూపు లేదు. మర్నాటి నుంచి ఒక్క టబ్బుకీ పిలుపు లేదు. మిక్సీలూ ఇస్త్రీపెట్టెలూ మాత్రం వచ్చేవి, అవి బాగుపడకపోయినా కొంపలేం మునగవు కాబట్టి.

ఆ పదకొండేళ్ళూ మా ఇంట్లో ఎలా గడిచాయో మాకే తెలుసు. ప్రతి పాడైపోయిన వస్తువుకీ గ్యారంటీ అని పేరు. "ఆ గ్యారంటీని ఇలా ఇవ్వు" అంటే వైరు తెగిన ఇస్త్రీపెట్టె. మిక్సీ విప్పుతూ స్క్రూ బిగుసుకుపోతే, "రా బయటికి, నీ తెల్లచొక్కా చింపుతా" అనేది. పాలు విరిగినా వాడే, కరెంటు పోయినా వాడే. మా అమ్మ విసుగెత్తి, "వదిలెయ్యమ్మా, వాడు ఎప్పుడో మర్చిపోయి ఉంటాడు" అంటే, "అందుకే నేను గుర్తుపెట్టుకున్నాను. ఇద్దరమూ మర్చిపోతే ఎలా?" అనేది.

నవ్వుకునేవాళ్ళం గానీ, ఒకటి మాత్రం నవ్వొచ్చేది కాదు. ప్రతి రోజూ పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి, ఇంట్లో ఉన్నవాటిలోకెల్లా సన్నని సూది తీసి దారం ఎక్కించేది. కుట్టడానికేం ఉండేది కాదు. ఎక్కించేది, చూసుకునేది, దారం లాగేసి డబ్బాలో పెట్టేసేది. పదకొండేళ్ళలో ఒక్క పొద్దున కూడా మానలేదు.

పోయిన సంవత్సరం క్లినిక్కు నుంచి ఫోనొచ్చింది. పాత టబ్బు చోట గ్యారంటీయే అమ్మిన కొత్త టబ్బు ఉంది ఇప్పుడు. మొదట్లో బాగానే నడిచిందట. జనం పెరిగి పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆపకుండా నడపడం మొదలుపెట్టాక నాలుగు నెలల్లో మూడు బోర్డులు మాడాయట. గ్యారంటీ మార్చడం, అది మాడడం. అమ్మమ్మ ఫోన్‌లో, "నాకు చూపు ఆనదమ్మా" అని పెట్టేసింది. రెండోసారి చేస్తే, "వినపడదు కూడా" అని పెట్టేసింది. మూడోసారి డాక్టరమ్మే మా ఇంటికి వచ్చింది.

అమ్మమ్మ అప్పుడు ఒక ఇయర్‌ఫోన్ విప్పి, వెంట్రుకంత తీగని అతుకుతోంది. తల ఎత్తలేదు.

"పెద్దమ్మగారూ, మూడు బోర్డులు మాడిపోయాయండీ."

"మూడేనా?"

"పేషెంట్లు చాలా ఇబ్బంది పడుతున్నారు."

"విశ్రాంతి తీసుకోమనకపోయారా?"

డాక్టరమ్మ ముఖం ఎర్రబడింది. "ఆ రోజు నేను మంచికే అన్నానండీ."

"మంచికే తీసుకుంటున్నాను" అని అమ్మమ్మ ఆ తీగ చివర సోల్డరింగ్ చుక్క పెట్టింది. ఆవగింజలో సగం ఉంటుంది. అది ఆరేదాకా ఊది, అప్పుడు తల ఎత్తింది. "వస్తాను. కానీ ఆ రోజు ఆ గదిలో ఎవరెవరున్నారో వాళ్ళంతా ఉండాలి. వాడూ ఉండాలి."

"అందరూ అంటే... ఇప్పుడు వాళ్ళందరినీ ఎలా పోగుచేస్తానండీ? ఆయన రానంటేనో?"

"రానంటే నీళ్ళు చల్లగా ఉంటాయి. మోకాళ్ళు మీవాళ్ళవి. నావి బాగానే ఉన్నాయి."

డాక్టరమ్మ వెళ్ళాక నేను అన్నాను, "అమ్మమ్మా, రిపేరుకి వెళ్తున్నావా, పంచాయితీకి వెళ్తున్నావా?"

"సంచిలో మీటరు పెట్టు. చిన్న బ్రేకర్ ఒకటి పెట్టు. నోరు ఇంట్లో పెట్టి రా" అంది.

గురువారం పది గంటలకి బయల్దేరాం. పెళ్ళిళ్ళకని దాచుకున్న బట్టలు తీసి కట్టుకుంది. నన్ను ఎగాదిగా చూసి, "ఉరి తీసే చోటికి వెళ్తున్నాం, కాస్త తల దువ్వుకో" అంది. మేడ మెట్లు పద్దెనిమిది. ఎక్కడా ఆగలేదు, చెయ్యి పట్టుకోనివ్వలేదు.

గది అలాగే ఉంది. తెల్ల టైల్సు, ఆవిరి పట్టిన కిటికీ, బ్లీచింగ్ వాసన, గోడ వారన వరసగా చెప్పులు. ఆనాటి ఏడుగురిలో ముగ్గురు ఊరు మారారట, ఒకాయన కాలం చేశాడట. మిగిలింది డాక్టరమ్మ, లెక్కల మాస్టారు, తువ్వాళ్ళు ఉతికి ఇచ్చే ఆమె. వాళ్ళ పక్కన గ్యారంటీ. వీళ్ళు కాక వేడినీళ్ళ కోసం వచ్చి వేడినీళ్ళు లేక ప్లాస్టిక్ కుర్చీలలో కూర్చున్న పేషెంట్లు ఆరుగురు. గ్యారంటీ జుట్టు నెరిసింది గానీ చొక్కా నెరవలేదు. చంకలో రెండు కొత్త బోర్డుల అట్టపెట్టెలున్నాయి.

"నమస్కారం అమ్మగారూ, ఆరోగ్యం బాగుందా?" అన్నాడు.

"నీ మీద కోపంతో బాగానే ఉంది నాయనా" అంది అమ్మమ్మ.

ఆమె గోడ మీద బ్రేకర్ కట్టేసింది. మీటరు పెట్టి కరెంటు లేదని చూసుకుంది. టబ్బు పక్క పలక తీయించి, పెట్టె మూత విప్పించి, వంగి లోపల వాసన చూసింది. గోడ నుంచి వచ్చే వైరు బోర్డుకి కలిసే చోట చూసింది. అక్కడ తెల్ల ప్లాస్టిక్ కాఫీ రంగుకి తిరిగి ఉంది. వెనక్కి తిరిగి గోడ మీదున్న బ్రేకర్‌ని చూసింది. మొత్తం రెండు నిమిషాలు. లేస్తూ నా చెవిలో, "దొరికాడు" అంది. తర్వాత వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

"చెప్పండి పెద్దమ్మగారూ, ఏమైంది?" అంది డాక్టరమ్మ.

"నేను బాగుచెయ్యను. అమ్మినాయన చేస్తాడు. నేను ఇక్కడ కూర్చుని చూస్తాను. చూపు ఉందో లేదో అదీ తేలిపోతుంది."

గ్యారంటీ ముఖం వెలిగిపోయింది. ముసలావిడకి అంతుపట్టలేదనుకున్నాడు. చొక్కా చేతులు పైకి మడుచుకుని, రెండు అట్టపెట్టెల్లో ఒకటి పైకెత్తి అందరికీ చూపించాడు. "చూశారా, టబ్బు మీద ఏ పేరుందో దీని మీదా అదే పేరు. కంపెనీది కంపెనీదే. ఇదే సరిపోతుంది, గ్యారంటీ."

"పాత బోర్డు మధ్యలో నల్ల చిప్పు ఉంటుంది. దాని మీద చీటీ ఉంటుంది. చదువు" అంది అమ్మమ్మ.

వాడు బోర్డు కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు.

"ఏం నాయనా, చూపు ఆనడం లేదా?"

పేషెంట్లలో ఎవరో కిసుక్కుమన్నారు. గ్యారంటీ జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని నంబరు చదివాడు. కొత్తదాని మీదా చదివించింది. అన్నీ కలిశాయి, చివరి రెండంకెలు తప్ప.

"టబ్బు పేరుని బట్టి కొనకూడదు, చిప్పు నంబరుని బట్టి కొనాలి" అంది అమ్మమ్మ, వాడితో కాదు, పేషెంట్లతో. "అది పెడితే పైనున్న బటన్లు ఒకటి చెప్తాయి, బోర్డుకి ఒకటి అర్థమవుతుంది. తెర మీద గీతలు తప్ప ఏమీ రావు. రెండో పెట్టె విప్పు."

రెండోదాని నంబరు కలిసింది. హీటరుకి సరిపోతుందా, మోటారుకి రెండు వేగాలున్నాయి కదా దీనికి రెండూ తెలుసా, అన్నీ వాడిచేతే చదివించింది. వైర్లు విప్పే ముందు ఫోటో తీసుకోమంది. "నాకు కంఠస్థమండీ" అన్నాడు. "తీసుకో" అంది. తీసుకున్నాడు. ఒక్కో వైరూ ఎక్కడిదక్కడ పెట్టాడు. పనిలో పడ్డాక మళ్ళీ హుషారొచ్చింది వాడికి. పదిమంది చూస్తున్నారు కదా. ఆమె ఎదురుచూసింది ఆ హుషారు కోసమేనని నాకు తర్వాత అర్థమైంది.

"ఆ తెల్ల స్విచ్‌లు పెట్టావా?"

"పెడుతున్నానండీ. ఒకటి కింద, రెండు పైన, మూడు కింద, నాలుగు పైన."

"నాలుగు పైన ఎందుకూ?"

"అదే కదండీ అసలు కిటుకు!" గ్యారంటీ అందరి వైపూ తిరిగాడు. "కంపెనీవాళ్ళు కిందికి పెట్టి పంపిస్తారు. అలా ఉంచితే మోటారు జోరందుకోగానే హీటరు ఆగిపోతుంది. నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి, కస్టమర్లు గొణుగుతారు. పైకి పెడితే రెండూ కలిసి నడుస్తాయి. అరగంటలో పొగలు కక్కుతాయి నీళ్ళు."

"ఎవరు నేర్పారు నీకు?"

"ఒకరు నేర్పేదేముందండీ, మన బుర్రే."

"అన్ని టబ్బులకీ ఇంతేనా?"

"అన్నింటికీ. మొదట్నుంచీ. నా చెయ్యి పడ్డ ఏ టబ్బైనా విప్పించి చూసుకోండి, నాలుగోది పైనే ఉంటుంది. గ్యారంటీ."

"మరి బ్రేకర్ పడిపోదూ?"

"పడిపోతుంది. అందుకే పెద్దది వేసేస్తాను. ఇక పడమన్నా పడదు."

అమ్మమ్మ కుర్చీలో కొంచెం ముందుకి జరిగింది. "ఈ గదిలో ఉండేదే పాత టబ్బు, దానికి కూడానా?"

గ్యారంటీ "అన్నింటికీ" అనబోయాడు. "అన్ని" దగ్గర ఆగిపోయాడు. నోరు తెరుచుకునే ఉంది. తువ్వాళ్ళామె చేతిలో మడత అలాగే ఉండిపోయింది.

వాడు చుట్టూ చూసి, మునిగేవాడు కొమ్మ పట్టుకున్నట్టు మాస్టారిని పట్టుకున్నాడు. "మాస్టారూ, మీరే కదండీ అప్పుడు ఫోన్ చేసి, నీళ్ళు చల్లగా చస్తున్నాయి, ఏదో ఒకటి చెయ్యవయ్యా అన్నారు? మీ కోసమే కదండీ ఆదివారం వచ్చి..."

"నేను ఏదో ఒకటి చెయ్యమన్నాను" అన్నాడు మాస్టారు. ఆయన ముఖం ఆ గది టైల్సులా తెల్లబోయింది. "నువ్వు వచ్చావని నాకేం తెలుసు? ఆ రోజు అసలు మెట్లే ఎక్కలేదన్నావుగా?"

"ఎక్కాడన్నమాట" అంది తువ్వాళ్ళామె, మడత పూర్తిచేస్తూ.

గ్యారంటీ గొంతు పెంచాడు. "సరే అండీ, పెట్టాననుకోండి. దానివల్లే మాడిందని ఎవరు చెప్పారు? ఇన్ని చోట్ల పెట్టాను, అన్నీ మాడాయా?"

"లావు వైరున్న చోట మాడవు. సన్న వైరున్న చోట తీరిగ్గా మాడతాయి. మాస్టారూ, లెక్కలు చెప్పేవారు కదా. రాసుకోండి" అంది అమ్మమ్మ. "హీటరు లాగేది పదహారు ఆంపియర్లు. మోటారు మెల్లగా తిరిగితే మూడు, జోరుగా తిరిగితే పది. ఈ వైరు మోసేది ఇరవై."

మాస్టారికి తప్పు దిద్దుకునే దారి దొరికినట్టైంది. గబగబా చెప్పాడు. "మెల్లగా అయితే పందొమ్మిది, మోస్తుంది. జోరుగా అయితే ఇరవై ఆరు. మోయదు. చిన్న బ్రేకర్ ఉంటే పడిపోయి కాపాడుతుంది. పెద్దది వేస్తే..." ఆయన ఆగి గ్యారంటీ వైపు చూశాడు. "ఒరేయ్, నేను ఆ నీళ్ళలో కూర్చున్నానురా!"

"లెక్క నమ్మనంటాడు. చేత్తో నమ్మిద్దాం" అంది అమ్మమ్మ. "నాలుగోది పైనే ఉంచు. టబ్బులోకి ఎవరూ దిగకండి. ఆన్ చెయ్, మోటారు జోరు మీద పెట్టు. అరగంట ఆగుదాం."

అరగంట కూర్చున్నాం. టీలు వచ్చాయి. అందరూ తాగారు, అమ్మమ్మ తాగలేదు. టబ్బు గిరగిరా తిరిగింది, నీళ్ళు వేడెక్కాయి, గ్యారంటీకి కాస్త ధైర్యం కూడా వచ్చింది. "చూశారా, ఎంత బాగా..." అని మొదలుపెట్టి, ఎవరూ తన వైపు చూడకపోవడంతో ఆపేశాడు. అరగంట కాగానే అమ్మమ్మ బ్రేకర్ కట్టేయించింది. మీటరు పెట్టి, ముల్లు సున్నా దగ్గరుందని తువ్వాళ్ళామెతో సహా అందరికీ చూపించింది.

"వైరు బోర్డుకి కలిసే చోట వేలు పెట్టు."

"ఎందుకండీ..."

"కరెంటు లేదు. పెట్టు."

పెట్టాడు. "అబ్బా!" అని లాక్కుని వేలు నోట్లో పెట్టుకున్నాడు. పెద్దమనిషి, నెరిసిన జుట్టు, నోట్లో వేలు.

"నువ్వూ పెట్టమ్మా" అంది డాక్టరమ్మతో.

డాక్టరమ్మ పెట్టి, చురుక్కుమని తీసేసింది. "తప్పు మీది కాదు పెద్దమ్మగారూ. ఆ రోజు నేను అడగకుండానే తేల్చేశాను. నాదీ తప్పే."

"నీది ఉంది" అంది అమ్మమ్మ. తేలిగ్గా ఏమీ అనలేదు. తర్వాత గ్యారంటీ వైపు తిరిగింది. "ఇప్పుడు నువ్వు."

"ఏం చెప్పమంటారు?"

"ఏం జరిగిందో అది."

వాడు టైల్సు వైపు చూస్తూ గొణిగాడు.

"తలుపు దగ్గరున్నవాళ్ళకి వినపడలేదు."

"ఆవిడ కిందికే పెట్టారు. పైకి పెట్టింది నేను. బ్రేకర్ మార్చిందీ నేనే."

"నాకింకా వినపడలేదు" అంది తువ్వాళ్ళామె. ఆమెకేం పగ లేదు, సరదా పుట్టిందంతే.

మూడోసారి గట్టిగా చెప్పాడు. కింద మార్కెట్ వీధిలోకి వినిపించిందని తర్వాత ఎవరో అన్నారు.

అయిపోయింది కదా, ఇంటికి పోదాం అనుకున్నాను. ఆమె కదల్లేదు. కాగిన వైరు చివర కత్తిరించి కొత్తగా బిగించడం, నాలుగో స్విచ్ కిందికి దించడం, గోడ మీద పెద్ద బ్రేకర్ పీకి మా సంచిలోని చిన్నది పెట్టడం, అన్నీ వాడిచేతే చేయించింది. ఆ రోజు మా అమ్మమ్మ స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు. గ్యారంటీ చేతిలోంచి ఒక స్క్రూ జారి టబ్బు కిందికి దొర్లిపోయింది. తడి టైల్సు మీద మోకాళ్ళ మీదా మోచేతుల మీదా పాకుతూ, తెల్లచొక్కా బురదవుతుంటే, పాపం, చీకట్లో తడుముకుంటూ వెతికాడు. నేను సాయం చేద్దామని లేచాను. అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. వాడికి స్క్రూ దొరికేదాకా వదల్లేదు. ఆ పట్టుకి నా మణికట్టు మీద నాలుగు వేళ్ళూ అచ్చుపడ్డాయి.

ఆ బోర్డు ఇవాళ్టికీ నడుస్తోంది. వీధిలో మాట ఆ సాయంత్రమే మారిపోయింది. హోటళ్ళ నుంచి, జిమ్ముల నుంచి మళ్ళీ ఫోన్లొస్తున్నాయి. అమ్మమ్మ అందరి దగ్గరికీ వెళ్తుంది. వెళ్ళగానే, పిలిచిన పెద్దమనిషి చేతికి టార్చిలైటు ఇస్తుంది. "నాకు చూపు ఆనదని పదకొండేళ్ళు మీరే అన్నారు. పట్టుకోండి, ఎత్తి పట్టుకోండి" అంటుంది. పని అయ్యేదాకా వాళ్ళు అలా చెయ్యెత్తి నిలబడాల్సిందే. హోటలు మేనేజరుకి భుజం పట్టేసి డాక్టరమ్మ టబ్బులో మూడు రోజులు కూర్చున్నాడు. టార్చి వెలుగు ఆమెకి అక్కర్లేదని ఆయనకి నేను చెప్పలేదు.

రెండు నెలలకి గ్యారంటీ మా ఇంటికి వచ్చాడు. చొక్కా నీలంది వేసుకున్నాడు. గుమ్మం దగ్గరే నిలబడి, "అమ్మగారూ, జనం నన్ను నమ్మడం లేదండీ. అన్ని చోట్లకీ వెళ్ళి స్విచ్‌లు దించుతున్నాను, బ్రేకర్లు మారుస్తున్నాను. అయినా నమ్మడం లేదు. మీరు ఒక్క మాట చెప్తే..." అన్నాడు.

"చెప్తాను. పదకొండేళ్ళాగి రా" అంది.

వాడు వెళ్ళిపోయాక నేను వేళ్ళు లెక్కపెట్టాను. "అప్పటికి నీకు ఎనభై మూడొస్తాయే. ఉంటావా?"

"ఉంటాను. వాడికి మళ్ళీ కాదని చెప్పడానికైనా ఉంటాను."

ఇదంతా రాసి నిన్న ఆమెకి చదివి వినిపించాను. ఒక హీటరు ముందేసుకుని, దాన్ని విప్పుతూ వింది. సూర్యుడి దగ్గర ముసిముసిగా నవ్వింది. గ్యారంటీ వేలు కాలిన చోట మళ్ళీ చదవమంది, చదివాను. ఇంకోసారి చదవమంది. చివరిదాకా విని, స్క్రూడ్రైవర్ పక్కన పెట్టింది.

"బాగుందా అమ్మమ్మా?"

"వాడు స్క్రూ వెతుక్కునే చోట 'పాపం' అని రాశావు. ఎవర్నడిగి రాశావే? కొట్టెయ్."